ఓవెన్‌లో వంకాయ ఎందుకు నీరుకారిపోతుంది?

గ్రీకుల ఇళ్లలో వేసవి వంట బ్రియం. వంకాయ, జుకినీ, బంగాళాదుంప, ఉల్లి, టమాటా ముక్కలకు ధారాళంగా ఆలివ్ నూనె పట్టించి ఓవెన్‌లో కాలుస్తారు. అంబాజీపేటలో దీన్ని చేయబోయేవారికి ముందుగా రెండు సందేహాలు వస్తాయి. ముక్కలు కాలకుండా ఎందుకు ఉడికిపోతాయి? ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పనికొస్తుందా?

మొదటిదానికి జవాబు నీళ్లలో ఉంది. ముక్క పైన తడి ఉన్నంతసేపు ఆ భాగం 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే దాదాపు 140 దాటాలి. ట్రేలో ముక్కలు కుక్కితే వదిలిన నీరు ఆవిరయ్యే దారిలేక అక్కడే మరుగుతుంది, కూర తయారవుతుంది. అందుకే ముక్కలు ఒకే వరుసలో, ఒకదానికొకటి తగలకుండా పరవాలి. ఓవెన్‌ను ముందే పావుగంట వేడెక్కించాలి.

వంకాయ సంగతి వేరు. దాని గుజ్జులో గాలి గదులు ఎక్కువ, నూనె పోస్తే పోసినంతా పీల్చేస్తుంది. చక్రాలుగా తరిగి ఉప్పు రాసి ఇరవై నిమిషాలు ఉంచితే నీరు దిగి ఆ గదులు కుంగిపోతాయి. ముక్కలను పిండేసి, గుడ్డతో అద్ది వేస్తే నూనె తక్కువ పడుతుంది, రంగూ త్వరగా వస్తుంది. ఈ పని మాత్రం మానకండి.

జుకినీ బదులు బీరకాయ వేస్తే నీళ్లపాలే. దొండకాయ నిలువుగా చీల్చి వేయండి. బంగాళాదుంప చోట కూర అరటికాయ బాగుంటుంది, నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేసి తుడవాలి. టమాటా మాత్రం మిగతావి సగం కాలాకే వేయాలి, ఎందుకంటే పులుపు తగిలితే ముక్క త్వరగా మెత్తబడదు. పులుసులో ముక్క ఉడికాకే చింతపండు రసం పోస్తాం కదా, కారణం అదే.

ఇక నూనె. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కు పేరు. గోదావరి గంగ అనే సంకర కొబ్బరి రకం ఇక్కడి పరిశోధన స్థానం నుంచే వచ్చింది. అయినా మన వంటల్లో కొబ్బరినూనె తక్కువే. వేయవచ్చు, రెండు జాగ్రత్తలతో. గానుగ కొబ్బరినూనె సుమారు 175 డిగ్రీల దగ్గర పొగ మొదలెడుతుంది, కాబట్టి ఓవెన్‌ను 200కు కాక 175 దాటకుండా పెట్టి ఇంకో పావుగంట ఎక్కువ, మొత్తం గంటకు పైగా కాల్చండి. మధ్యలో ఒకసారి ముక్కలు తిప్పండి. రెండోది, ఈ నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గ్రీకులు బ్రియం గోరువెచ్చగా, చల్లగా కూడా తింటారు. ఫ్రిజ్‌లో పెట్టిన మనది తెల్లటి పొర కడుతుంది. వేడిగానే తినేయాలి.

బ్రియంలో వేసే ఒరెగానో కొనక్కర్లేదు. పెరట్లోని వాము ఆకులోనూ అదే రకం సువాసన ద్రవ్యాలున్నాయి. రెండు మూడు ఆకులు సన్నగా తరిగి చివరి పది నిమిషాల్లో చల్లండి. నిమ్మరసం దించాకే.

ఓవెన్ లేకపోతే వెడల్పు ఇనుప పెనం చాలు. మూత పెట్టొద్దు, విడతలుగా వేయండి. ఒక వాయి దించాకే రెండోది.

వేడన్నంలో కంటే పెరుగన్నం పక్కన ఇది ఎక్కువ రుచి. ఒకసారి అలా తిని చూడండి.