ఎంచుకోకపోవడమూ ఒక సమాధానమే

గుర్తింపు కార్డు చేతికి రాగానే మనమందరం ముందుగా ఫోటో ఎలా వచ్చిందో చూసుకుంటాము. పేరులో అక్షరదోషం ఉన్నదేమో పరిశీలిస్తాము. వెనుకవైపు చిన్న అక్షరాలలో ముద్రించిన రక్తవర్గాన్ని మాత్రం సాధారణంగా ఎవరూ గమనించరు. దానితో పని పడేది ఆపద సమయంలోనే. ఆ చిన్న గడి విషయంలో నా వలన జరిగిన పొరపాటును, అది బయటపడిన తీరును పాఠక మిత్రులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1997లో నేను పనిచేస్తున్న యూనిట్‌లో ఉద్యోగుల వివరాలను కంప్యూటరులోకి ఎక్కించే బాధ్యతను మా విభాగానికి అప్పగించారు. అంతవరకు నల్లని తెరపై అక్షరాలు టైపు చేసి నడిపే ప్రోగ్రాములే మాకు పరిచయం. 1991లో వెలువడిన విజువల్ బేసిక్ వలన విండోస్ తెరపై బటన్లను, జాబితాలను అమర్చడం సులభమైంది. రక్తవర్గం కోసం నేను ఒక కాంబో బాక్స్ పెట్టాను. బాణం గుర్తును నొక్కితే జాబితా కిందికి తెరుచుకుంటుంది. అందులో ఎనిమిది రక్తవర్గాలు ఉంటాయి. ఫారం తెరవగానే ఆ గడి ఖాళీగా కనబడడం నాకు నచ్చలేదు. అందుచేత జాబితాలోని మొదటి అంశం ముందుగానే కనబడేటట్లు ఒక్క వాక్యం అదనంగా రాశాను. ఆ మొదటి అంశం ‘ఎ పాజిటివ్’.

మరుసటి సంవత్సరం మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం సందర్భంగా రక్తదాతల జాబితా కావలసివచ్చింది. కంప్యూటరు నుండి అచ్చు తీసి మా వైద్యాధికారికి సగర్వంగా అందజేశాను. ఆయన రెండు పుటలు తిరగవేసి, “మన దేశంలో ఓ, బి వర్గాల వారే ఎక్కువ కదండీ! మీ జాబితాలో సగానికి పైగా ఎ పాజిటివ్ ఎలా వచ్చారు?” అని అడిగారు. నా వద్ద సమాధానం లేదు.

కాగితపు ఫారాలను తీసి చూస్తే సంగతి తెలిసింది. చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలివేశారు. ఆపరేటర్లు ట్యాబ్ మీటతో దానిని దాటి ముందుకు వెళ్లారు. వారు ఏమీ ఎంచుకోలేదు. అయినా తెరపై ఉన్న ‘ఎ పాజిటివ్’ యథాతథంగా నమోదైంది, కార్డులపైకి కూడా ఎక్కింది.

రక్తం ఎక్కించే ముందు ఆసుపత్రిలో వర్గ నిర్ధారణ, క్రాస్ మ్యాచింగ్ పరీక్షలు తప్పనిసరిగా చేస్తారనీ, కార్డును మాత్రమే నమ్మరనీ వైద్యాధికారి ధైర్యం చెప్పారు. “కానీ ఒక మాట. తప్పు చెప్పే కార్డు కంటే ఏమీ చెప్పని కార్డు మేలు” అన్నారు. ఆ మాట నేటికీ నా చెవులలో ఉన్నది.

ఎంపిక వెనుక కథ

తెరపై గురిచూసి ఎంచుకునే పద్ధతికి పెద్ద చరిత్రే ఉన్నది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను బహిరంగంగా ప్రదర్శించారు. అనంతరం జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో ల్యారీ టెస్లర్ మొదలైనవారు ‘ముందు వస్తువును ఎంచుకో, తరువాత ఏమి చేయాలో చెప్పు’ అనే క్రమాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఏది ఎంపికైనదో కంటికి కనబడుతుంది కనుక పొరపాటును ముందే గుర్తించే వీలు ఉంటుంది. 1981లో జిరాక్స్ స్టార్, 1984లో మెకింటాష్ ఈ తరహా తెరలతో మార్కెట్లోకి వచ్చాయి.

ఎంపికకు వాడే పరికరాలు కొద్దిపాటివే. పలు అంశాలలో ఒక్కటే కావలసినప్పుడు రేడియో బటన్లు వాడతారు. పాత కారు రేడియోలో ఒక బటన్ నొక్కితే అంతకుముందు నొక్కినది పైకి లేచేది. పేరు అక్కడినుండే వచ్చింది. ఎన్నింటినైనా ఎంచుకోవచ్చు అన్నప్పుడు చెక్ బాక్సులు ఉండాలి. అంశాలు ఎక్కువైతే లిస్ట్ బాక్స్, చోటు తక్కువైతే కాంబో బాక్స్ తగినవి.

మూడు మెలకువలు

మొదటిది: ‘ఎంపిక లేదు’ అనే స్థితిని ప్రోగ్రాము గుర్తించాలి. విజువల్ బేసిక్‌లో జాబితా అంశాలను 0 నుండి లెక్కిస్తారు. ఏదీ ఎంచుకోనప్పుడు ఆ సంఖ్య -1గా ఉంటుంది. ఆ -1 నాకు లోపంగా తోచింది. నిజానికి అది సమాచారమే.

రెండవది: జాబితాలోని స్థానం వేరు, అంశం వేరు. ‘మూడవ వరుసలోనిది’ అని భద్రపరిస్తే, రేపు పైన కొత్త అంశం చేరినప్పుడు మూడవది మరొకటి అవుతుంది. అందుచేత ప్రతి అంశానికి మారని సంకేత సంఖ్య ఇచ్చి, దానినే నమోదు చేయాలి. ఎంచుకున్న పలు అంశాలను తొలగించేటప్పుడు కూడా కింది నుండి పైకి రావాలి. పైనుండి తీసివేస్తే మిగిలినవి ఒక మెట్టు పైకి జరిగి, లెక్క తప్పుతుంది.

మూడవది: ఎంపికను మార్చినది మనిషా, ప్రోగ్రామా అన్నది తెలియాలి. విజువల్ బేసిక్‌లో ప్రోగ్రాము తనంతట తాను జాబితాలో ఒక అంశాన్ని నిలిపినా, మనిషి మౌస్‌తో నొక్కినప్పుడు వచ్చే క్లిక్ ఈవెంటే వస్తుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకునే ఏర్పాటు ప్రోగ్రాము రాసేవారే చేసుకోవాలి.

దిద్దుబాటు

ప్రోగ్రామును సరిచేయడానికి ఒక పూట పట్టింది. గడిని ఖాళీగా ఉంచి, జాబితా చివర ‘తెలియదు’ అనే తొమ్మిదవ అంశాన్ని చేర్చాను. ఏదో ఒకటి ఎంచుకుంటే తప్ప రికార్డు నమోదు కాకుండా చేశాను.

సమాచారాన్ని సరిచేయడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. నిజంగా ఎ పాజిటివ్ అయినవారెవరో, నా ప్రోగ్రాము ఆ విధంగా మార్చినవారెవరో చెప్పే ఆధారం కంప్యూటరులో లేదు. కట్టలు విప్పి, ఎ పాజిటివ్‌గా నమోదైన ప్రతి ఒక్కరి కాగితాన్ని తిరిగి చూడవలసివచ్చింది. ఖాళీగా వదిలినవారి కార్డులను వెనుకకు తీసుకుని, వారిని డిస్పెన్సరీకి పిలిపించి రక్తపరీక్షలు చేయించారు. ఆపరేటర్లు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాతోపాటు కూర్చుని కాగితాలు వెదికారు.

నేడు ఇంటింటా చేతిలో ఫోను ఉన్నది. ఫారాలన్నీ తెరపైనే నింపుతున్నాము. కొన్నిచోట్ల మనం అడగని సేవలకు ముందుగానే టిక్ పెట్టి ఉంటుంది. మనకు తెలియకుండా అదనపు సేవలను కొనుగోలులో చేర్చడం వంటి పోకడలను అరికట్టడానికి 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీ చేసింది. అయినప్పటికీ చివరి బటన్ నొక్కే ముందు ప్రతి గడినీ ఒకసారి చదవడం మన బాధ్యత. ప్రోగ్రాములు రాసే యువ సహోద్యోగులకు నా విన్నపం ఒక్కటే. ఎదుటివారు చెప్పని సమాధానాన్ని వారి తరఫున మీరు రాయకండి.

ఇక ఈ సాయంత్రం ఇంటికి వెళ్లిన తరువాత మీ గుర్తింపు కార్డును ఒకసారి వెనుకకు తిప్పి చూడండి. అక్కడ ఉన్నది మీరు చెప్పినదేనా?