బెనెట్టన్ తోబుట్టువుల కథ: స్వెట్టర్ల నుంచి టోల్ రోడ్ల దాకా

డాలస్‌లో మా అక్క ఇంటి గరాజ్‌లో చీరల వ్యాపారం మొదలుపెట్టి ఆరేళ్లయింది. అక్క నేతగాళ్లతో మాట్లాడి సరుకు తెప్పిస్తుంది, నేను లెక్కలు చూస్తాను, తమ్ముడు ఎగ్జిబిషన్లలో స్టాల్స్ పెడతాడు. మొన్న ఉగాది రోజు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మిగిలిన లాభంతో గ్యాస్ స్టేషన్‌లో వాటా కొందామని తమ్ముడు, మనకు తెలిసింది చీరలేనని అక్క. అప్పుడు నాకు బెనెట్టన్ కుటుంబం గుర్తొచ్చింది.

మన మాల్స్‌లో ఆకుపచ్చ బోర్డు మీద 'యునైటెడ్ కలర్స్ ఆఫ్ బెనెట్టన్' అని మీరు చూసే ఉంటారు. బెనెట్టన్ అనేది ఇంటిపేరు. లూచానో, జూలియానా, జిల్బెర్తో, కార్లో అనే నలుగురు తోబుట్టువులది ఇటలీలో వెనిస్ దగ్గరి ట్రెవిజో. 1945లో తండ్రి పోయాడు. లూచానో చదువు మానేసి బట్టల షాపులో చేరాడు. చెల్లెలు జూలియానా చిన్నప్పుడే అల్లిక పనికి వెళ్లింది. ఆమె అన్నకు అల్లిచ్చిన పసుపు స్వెట్టర్ అందరికీ నచ్చింది. లూచానో తన అకార్డియన్, తమ్ముడి సైకిల్ అమ్మేసి అల్లిక మిషన్ కొన్నాడని చెబుతారు. 1965లో కంపెనీ పెట్టారు.

పని పంచుకున్న తీరే వాళ్ల బలం. అమ్మకాలు లూచానోవి, డిజైన్ జూలియానాది, డబ్బు వ్యవహారాలు జిల్బెర్తోవి, ఫ్యాక్టరీ కార్లోది.

ఇంకో కిటుకు కూడా ఉంది. మామూలుగా నూలుకు ముందే రంగేసి తర్వాత అల్లుతారు. వీళ్లు రంగు వేయని ఉన్నితో స్వెట్టర్లు అల్లించి, షాపుల్లో ఏ రంగు అడుగుతున్నారో చూసి చివర్లో రంగేయించేవారు. దాంతో అమ్ముడుపోని సరుకు బాగా తగ్గింది. రంగు నచ్చక మిగిలిపోయిన చీరలు మా గరాజ్‌లో రెండు అల్మారాల నిండా ఉన్నాయి కాబట్టి దాని విలువ నాకు తెలుసు. పైగా షాపుల్లో ఎక్కువ భాగం వేరేవాళ్లు సొంత డబ్బుతో పెట్టుకున్నవే. అందుకే అంత త్వరగా దేశదేశాలకు పాకగలిగారు.

లాభాలు పెరిగాక వేరే వ్యాపారాల్లోకి దిగారు. ఫార్ములా వన్ టీమ్ కొన్నారు. షూమాకర్ 1994, 1995 టైటిళ్లు ఆ కార్లతోనే గెలిచాడు. అర్జెంటీనాలోని పటగోనియాలో సుమారు 9 లక్షల హెక్టార్ల భూమి కొన్నారు. ఇటలీ ప్రభుత్వం తన సంస్థలను ప్రైవేటుకు ఇచ్చినప్పుడు హైవే హోటళ్లు నడిపే ఆటోగ్రిల్‌లో, తర్వాత టోల్ రోడ్ల సంస్థలో పెద్ద వాటాలు తీసుకున్నారు. ఈ పెట్టుబడులను ముందుండి నడిపింది జిల్బెర్తో. ఆలోచన తప్పేమీ కాదు. ఫ్యాషన్ ఏటా మారుతుంది, టోల్ డబ్బు రోజూ వస్తుంది. జారా లాంటి బ్రాండ్లు వచ్చి బట్టల అమ్మకాలు పడిపోయినప్పుడు కుటుంబాన్ని నిలబెట్టింది ఈ పెట్టుబడులే.

కానీ రోడ్డంటే టోల్ డబ్బు ఒక్కటే కాదు. 2018 ఆగస్టు 14న జెనోవాలో ఆ టోల్ సంస్థ నిర్వహణలో ఉన్న మొరాండి వంతెన కూలి 43 మంది చనిపోయారు. మాతృసంస్థలో బెనెట్టన్ కుటుంబం వాటా సుమారు 30 శాతమే. అయినా ఇటలీ అంతా వేలెత్తి చూపింది ఆ ఇంటిపేరునే. కార్లో, జిల్బెర్తో ఇద్దరూ అదే ఏడాది కన్నుమూశారు. 2022లో టోల్ రోడ్లను ప్రభుత్వ పెట్టుబడి సంస్థ ముందుండి నడిపిన గ్రూపుకు అమ్మేశారు. 2024లో లూచానో, బట్టల కంపెనీకి దాదాపు 10 కోట్ల యూరోల నష్టం వచ్చిందని చెప్పి చైర్మన్ పదవి నుంచి తప్పుకున్నాడు.

వేరే వ్యాపారంలోకి వెళ్లొద్దని నేననను. స్వెట్టర్ల దగ్గర ప్రతి పనికీ అది తెలిసిన తోబుట్టువు ఒకరు నిలబడ్డారు. వంతెన దగ్గర అలా ఇంటివాళ్లెవరూ లేరు. వాటా కొనేముందు లాభం ఎంతని అడిగినట్టే, అక్కడ రోజూ ఎవరుంటారని కూడా అడగాలి.

ఇదంతా విని అక్క తమ్ముణ్ణి ఒకటే అడిగింది: "భూమిలో ఉండే పెట్రోలు ట్యాంకుల తనిఖీ ఎవరు చూస్తార్రా?" వాడు కనుక్కుని చెబుతానన్నాడు. అప్పటిదాకా డబ్బు బ్యాంకులోనే ఉంటుంది.