పనిలో పాడైన సొంత వస్తువు: నష్టం ఎవరు భరించాలి?

లేతు మిషను మీద పనిచేసే కార్మికుడి కళ్ళజోడుకు ఇనుప ముక్క ఎగిరివచ్చి తగిలింది, అద్దం పగిలింది అనుకుందాం. అదే ముక్క కంటికి తగిలి చూపు పోతే అతనికి నష్టపరిహారం వస్తుంది. 1923 నాటి పరిహార చట్టం ఆ హక్కు ఇచ్చింది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఇస్తోంది. అయితే రెండూ చెప్పేది దేహానికి తగిలిన గాయం గురించే. కళ్ళజోడు ఆ లెక్కలోకి రాదు.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. కార్మికుడికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు అతని నిర్లక్ష్యం వల్ల పాడైతే జీతంలో కోత విధించవచ్చు. 1936 వేతన చెల్లింపు చట్టంలోని ఈ ఏర్పాటు 2019 వేతనాల కోడ్‌లోనూ కొనసాగింది. కార్మికుడి వస్తువుకు మాత్రం అలాంటి సూటి నిబంధన వాటిలో లేదు.

మరి దారి? 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ఉంది. మీ వస్తువును యజమాని భద్రపరచడానికి తీసుకుంటే, వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. షెడ్డు బయట మీరే పెట్టుకున్న సైకిలుకు ఇది వర్తించదు, అప్పగింత జరగాలి. యజమాని నిర్లక్ష్యం రుజువైతే సివిల్ దావా కూడా వేయవచ్చు. కాని ఒక కళ్ళజోడు కోసం కోర్టు మెట్లెక్కేదెవరు?

మెడలో సరదాగా వేసుకొచ్చిన గొలుసు సంగతి వేరు. కళ్ళజోడు లేకుండా ఆ పని సాగదు. కనుక దాని ఖర్చు యజమానిదే కావాలి. పనిలో చేరేటప్పుడే ఈ మాట నియామక పత్రంలో రాయించుకోండి.