రాతినార దుమ్ము – రైతుల యూపిరితిత్తులు

వానలు మొగము చాటువేసిన సంవత్సరములందు మన సీమ రైతు గనిపనికి బోవుట క్రొత్త గాదు. పులివెందుల తాలూకాలోని బ్రాహ్మణపల్లె, లింగాల ప్రాంతములందు రాతినార, అనగా ఆస్‌బెస్టాస్, త్రవ్వు గనులు పెక్కేండ్లు నడచినవి. పూర్వయుగమున వేంపల్లె సున్నపురాతి పొరలలోనికి కరగిన నల్లరాయి చొరబడి, ఆ వేడికి రాయి మారి, పట్టుదారము వంటి తెల్లని నార యేర్పడినది. అది యగ్గికి గాలదు, నేలలో చివుకదు. ఆ గుణమే మన రొమ్మునకు శత్రువైనది.

ఎట్లనగా, బండిబాట మన్ను వంటి ముతక దుమ్ము చాలవరకు ముక్కునను గొంతునను జిక్కి, తుమ్ముగను గళ్ళగను వెలికి వచ్చును. (కళ్ళపు దుమ్ము నిర్దోషమని నా భావము గాదు, బూజుపట్టిన గడ్డిదుమ్ము పీల్చి జ్వరము, ఆయాసము తెచ్చుకొనువారును గలరు.) రాతినారపోగు తలవెండ్రుక కంటె నెన్నో రెట్లు సన్నమై, కంటికి గానరాక, ఊపిరితిత్తుల చివరనుండు గాలిబుడగల వరకు బోవును. అచ్చట కావలికాండ్ర వంటి కణములు గలవు. వచ్చిన మలినమును మ్రింగి జీర్ణించుకొనుట వాని పని. పోగు తమకంటె పొడవగుటచే నవి సగము మ్రింగి, మిగిలిన సగము మ్రింగలేక చచ్చును. చచ్చుచు, లోన దాచిన ఘాటైన ద్రవములను చుట్టుపట్ల విడుచును. వానిచే మెత్తని కండ వాచి, మచ్చగట్టి, ఎండిన తోలువలె బిగియును. ఊపిరి నిండుగా జొరదు. పోగు మాత్రము చెక్కుచెదరక మరియొక కణమునకై కాచుకొని యుండును. కొందరికి ఇరువది ముప్పది యేండ్ల పిమ్మట ఊపిరితిత్తికో, దానిమీది పొరకో రాచపుండు పుట్టును. ఈ పనిచేసి పొగత్రాగువానికి ప్రమాదము పెక్కు రెట్లు హెచ్చు.

ఇంగ్లండునందు రోచ్‌డేలు పట్టణపు రాతినార మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా యను స్త్రీ 33వ యేట మరణింపగా, కుక్ అను వైద్యుడు ఆమె యూపిరితిత్తులలో నీ నలుసులను గాంచి 1924లో ప్రకటించెను. 1931లో నా దేశమున దుమ్మును గూర్చిన నిబంధనలు వచ్చెను. మన దేశమున 1986లో క్రొత్త గనులకు కౌలు ఇచ్చుట నిలిచినది. 1995 జనవరి 27న సుప్రీముకోర్టువారు, ప్రతి పనివాని యారోగ్యపు లెక్కను పనిలో జేరినది మొదలు 40 ఏండ్లు, లేదా పని మానిన పిదప 15 ఏండ్లు, ఏది యాలస్యమైన నంతవరకు ఉంచవలెనని యాజ్ఞాపించిరి. గని గుత్తదారుని యొద్ద దినకూలికి పోయిన రైతు పేరు ఏ లెక్కలో నుండును?

కావున, సభ్యులారా, మీ యింట నొకప్పుడు గనిలో పనిచేసిన పెద్దలకు దగ్గు, మెట్టెక్కిన నాయాసము ఉన్నయెడల, వైద్యునితో మొదట నా పని సంగతి చెప్పుడు. చెప్పకున్నచో దానిని క్షయ యని తలచి నెలల తరబడి మందిచ్చుట కలదు. పాతచీటీ, కూలిపుస్తక మేదియున్నను పారవేయకుడు.

పశువుల కొట్టములపై వేయు సిమెంటు రేకులలో పెక్కింట నీ నారయే యున్నది. నేడది పరదేశములనుండి దిగుమతి యగుచున్నది. కప్పుపై కదలక యున్న రేకు అంతగా చెరుపు చేయదు. రంపముతో పొడిగా కోసినను, పగులగొట్టినను పోగులు లేచును. తప్పనిసరియైన చోట బాగుగా తడిపి, పిల్లలను దూరముంచి, పొడి చీపురు వాడక తుండ్లను తడిగనే యెత్తుడు. పాతగనుల యొద్ద దిబ్బల మన్ను కళ్ళమునకును, ఇంటి అరుగునకును తోలుకొనకుడు.