పెరటి కోళ్లు



కోళ్లను గూర్చి వ్రాయబూనితినని చెప్పగా మావారు నవ్వి, "ఇన్నాళ్లు ప్రబంధములు చదివినందుకు ఫలము దక్కినది" అనిరి. కాని మన పెద్దలు కోడిని చిన్నచూపు చూచినవారు కారు. దండి దశకుమారచరితమున ప్రమతి శ్రావస్తికి పోవుచు త్రోవలో కోడిపందెము చూచును. క్రీడాభిరామమున ఓరుగల్లులో కోళ్లు పోరాడును. పల్నాటివీరుల కథకు కోడిపందెమే మలుపు. అయినను నేను చదివినంతలో ఆ పుటలన్నింట పుంజులే గాని పెట్ట కానరాదు. గంపలో 21 దినములు మేతను నీటిని మఱచి కూర్చుండు తల్లికి పద్యము చెప్పినవారిని నేనెఱుగను. ఆ లోపము తీర్చు శక్తి నాకు లేదు. పెరటిలో మూడేండ్లుగా నేర్చినదియు, ఒక వేసవిలో నేను చేసిన తప్పును మాత్రము మీకు విన్నవింతును.

మావారు బడిపంతులు. మేముండునది సున్నిపెంట, శ్రీశైలపు ఆనకట్ట కట్టునాడు పనివారికై వెలసిన ఊరు, చుట్టును నల్లమల. క్షేత్రమున మాంసము నిషిద్ధము గనుక అచ్చట కోళ్ల ప్రసక్తి లేదు. మా యింటను మాంసము వండరు. మా చిన్నది మిక్కిలి బక్కపలుచన కాగా, దినమున కొక గ్రుడ్డు పెట్టుడని వైద్యుడు చెప్పెను. మా అత్తగారు, "మల్లన్న కొండ నీడన కోళ్లా?" అని నొచ్చుకొనిరి. నేను మెల్లగా, "అత్తయ్యా! కుమారస్వామి అలిగి క్రౌంచగిరికి రాగా కొడుకును చూచుకొనుటకే గదా పార్వతీపరమేశ్వరులు ఈ కొండ చేరిరని మీరు చెప్పుదురు. ఆ స్వామి ధ్వజముపై నున్నది కోడియే గదా" అంటిని. ఆమె బదులు చెప్పలేదు. మఱునాడు నూకలు ఎక్కడనున్నవో తామే చూపిరి.

ఆమెకు మిగిలిన సందేహ మొక్కటే: గ్రుడ్డులో ప్రాణముండదా? ఇది నన్ను పలువురు అడిగిన ప్రశ్నయే. పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్లు పెట్టును. అట్టి గ్రుడ్డు ఎన్నినాళ్లు పొదిగినను పిల్ల కాదు. అందుచేత మొదటి యేడాది మా యింట పెట్టలే గాని పుంజు లేదు. వేకువను కూయువాడు లేనందున మావారికి సంతోషము కూడ.

తఱుచుగా వినబడు రెండవ ప్రశ్న: కోడి గ్రుడ్లు మానినదేల? మార్గశిర పుష్యములలో పగలు కుఱుచయగును. ఏకధాటిగా గ్రుడ్లు పెట్టుటకు కోడికి రమారమి 14 గంటల వెలుతురు కావలెను. ఈకలు రాల్చు కాలమునను, పొదుగునకు కూర్చున్నపుడును, మా సీమ యెండ 42 డిగ్రీలు దాటినపుడును మానును. కొన్ని మానవు, దాచును. మా నల్లపెట్ట పండ్రెండు గ్రుడ్లను ఉతుకుబండ వెనుక కంపలో దాచినది. నేను పదిదినములు దానిని వృథాగా తిట్టితిని.

నాటుకోడి యేటికి 60 మొదలు 80 గ్రుడ్లు పెట్టును. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధనాలయమువారు పెరళ్లకని తీర్చిన గ్రామప్రియ యను జాతి దానికి రెండింతలు పెట్టును. అయితే పొదుగుట దాని స్వభావము కాదు. గ్రుడ్ల కాజాతి, పిల్లల కీజాతి అని రెండును ఉంచుట మేలు. నాటుపెట్టల పచ్చని కాళ్లు చూచి మా అత్తగారు పసుపు రాచుకొన్న ముత్తైదువ లందురు. మన పెరటికోడికి మూలము ఎఱ్ఱని అడవికోడియే యైనను, ఆ పసుపువన్నె మాత్రము మన దక్షిణదేశపు బూడిదవన్నె అడవికోడినుండి సంక్రమించినదని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ పుట్టింటి పసుపు మాట వినినప్పటినుండి ఆమెకు వానిపై మఱింత మక్కువ.

మేతకు మా సీమలో కొదువ లేదు. జొన్నలు, కొఱ్ఱలు, నూకలు, తవుడు, కూరాకుల తొడిమలు చాలును. పసిపిల్లలకు చెదలు పెట్టుట పాత పద్ధతి: తడిపిన పేడయు గడ్డియు కుండలో కూరి చెదలున్న చోట సాయంకాలము బోర్లించినచో తెల్లవారునప్పటికి విందు సిద్ధము. పెంకు మెత్తబడినచో సున్నపుపాలు తక్కువైనవని యర్థము. గ్రుడ్డుపెంకులు కాల్చి, పొడిచేసి పెట్టవలెను. కాల్చక పెట్టినచో కోడి రుచి మరిగి తన గ్రుడ్డునే పొడుచుకొనును.

ఒక్క విషయమున కఠినముగా నుండుడు. వేరుసెనగ మన పంట గనుక బూజుపట్టిన గింజలను, పిండిచెక్కను "కోళ్లకు పారవేయుడు" అందురు. 1960లో ఇంగ్లాండున లక్షకు చేరువగా సీమకోళ్లు కారణము తెలియక చచ్చెను. వెదకగా మేతలోని వేరుసెనగపిండిపై పెరిగిన బూజు విషమని తేలినది. అఫ్లాటాక్సిన్ అను పేరు దానికి అప్పుడు వచ్చినదే. కాలేయమును చెఱచు ఆ విషము వండినను పోదు. బూజుగింజ కోడికిని వలదు, మనకును వలదు.

వేసవిలో కోడికి చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటయే దానికి విసనకఱ్ఱ. మట్టిమూకుళ్లలో చల్లని నీరు రెండు మూడు చోట్ల నీడన నుంచి, మేత ఉదయము సాయంకాలము మాత్రమే వేయుదును. పొయ్యిబూడిద ఒక మూల పోసినచో అందులో పొరలి పేలు దులుపుకొనును. ముంగిస, జంగపిల్లి, గద్ద మాకు నిత్యశత్రువులు. గూటి తలుపునకు గొళ్లెము, క్రిందికి రాతిపలక ఉండవలెను. చిరుతపులి మాట మాత్రము చెప్పను. చెప్పినచో మా పుట్టింటివారు నన్నిక్కడ ఉండనీయరు.

ఇక నా తప్పు.

రెండేండ్ల క్రిందట చైత్రమాసమున సంతలో ఒక గోధుమవన్నె పెట్టను కొంటిని. అమ్మినవాడు అడిగిన ధరలో సగమునకే యిచ్చెను. అంత సులువుగా ఇచ్చినవానిని అనుమానింపక, నా బేరపు నేర్పునకు మురిసితిని. ఆ సాయంకాలమే దానిని మా కోళ్లతో గూట విడిచితిని. నాలుగవనాడు అది ఈకలు ముడుచుకొని మూల కూర్చున్నది. ఆకుపచ్చయు తెలుపునైన రెట్ట. నోరు తెఱచి ఎగఊపిరి. పదియవనాటికి మా తొమ్మిదింటిలో ఏడు చచ్చెను. ఒకదాని మెడ వెనుకకు మెలిదిరిగి ఆకాశము చూచుచునే ప్రాణము విడిచినది. చిన్నది దానిని ఒడిలో నుంచుకొని వదలలేదు.

అది కొక్కెర తెగులు. కుమాయూను కొండలలోని రాణిఖేతమున 1927లో గుర్తింపబడుటచే రాణిఖేత వ్యాధి యందురు. అంతకు ముందటి యేడే ఇంగ్లాండున న్యూకాసిల్ నగరపు కోళ్లను చంపినది గనుక ఆ దేశములవారికి న్యూకాసిల్ వ్యాధి. దీనికి చికిత్స లేదు.

మా కంచెకు ఆవల ఒక అక్క ఉన్నది. భర్త లేడు. పదునాలుగు కోళ్లు, వాని గ్రుడ్లు, కర్నూలులో చదువుకొను కూతురు. అదియే ఆమె లోకము. ఆమె కోళ్లలో రెండు కునుకుపాటు పట్టినవి. అంతలో కోళ్ల వ్యాపారి వచ్చెను.

"సగం ధర ఇస్తానంటాండాడు. రేపు ఇవి గూడ సచ్చిపోతే ఆ సగమూ రాదు గదా! అమ్మేస్తాను" అన్నది.

"వద్దక్కా. నా కోడిని గూడ ఎవరో ఇట్లే అమ్మినారు. అందుకే గదా ఇది మన వీధికి వచ్చింది" అంటిని.

"తెచ్చింది నువ్వు. నా బిడ్డ ఫీజు నువ్వు కడతావా?"

ఆ ప్రశ్నకు ఏ శాస్త్రమునను సమాధానము లేదు. లోపలికి పోయి, గాజులకని కూడబెట్టిన సొమ్ము తెచ్చి, వ్యాపారి ఇచ్చెదనన్నంత ఆమె చేతబెట్టి, కోళ్లను గడప దాటనీయవద్దని వేడుకొంటిని. ఆమె పుచ్చుకొన్నది. పదునాలుగింటిలో పదునొకండు పోయినవి. మావారును బడిపిల్లలిద్దరును లోతైన గుంట త్రవ్వి, సున్నము చల్లి పూడ్చిరి. ఆ సగము ధర ఆమె నష్టమునకు చాలదని నాకు తెలియును. నెలదినములు ఆమె నాతో మాటలాడలేదు. నేను నీళ్ల పంపునకు వేళ మార్చుకొని పోయితిని.

పశువైద్యునికడ పోయి అడిగితిని. చికిత్స లేకున్నను టీకా కలదు. పిల్లలకు ఏడవనాడు లసోటా మందు కంటిలో గాని ముక్కులో గాని ఒక్క చుక్క. ఎనిమిదవ వారమున ఆర్ టూ బీ యను ముక్తేశ్వరపు టీకా రెక్క క్రింద చర్మమున. తరువాత ఎప్పుడెప్పుడు మరల వేయవలెనో వైద్యుడు చెప్పును. వెల స్వల్పము. చిక్కు వేఱొకచోట నున్నది. ఒక్క సీసాలో 100 కోళ్లకు సరిపడు మందుండును. మంచులో నుంచి తేవలెను; కలిపిన పిమ్మట రెండు గంటలలో వాడవలెను; మిగిలినది పారవేయవలసినదే. రెండు కోళ్లు మిగిలిన నేను సీసా యేమి చేసికొందును? అనగా ఈ టీకా ఒక యింటి పని కాదు, వీధి పని.

ఇల్లిల్లు తిరిగితిని. "సూది వేస్తే సస్తాయి" అనిరి. ఆ మాటలో కొంత నిజమున్నది. తెగులు లోన సోకి పైకి కనబడని కోడికి టీకా వేసినను అది చచ్చును. నింద మందుపై పడును. కావున తెగులు రాకముందే, ఆరోగ్యముగా నున్నవానికే వేయవలెను. ఎంత చెప్పినను తలలూపిరే గాని సరే యన్నవారు లేరు. నిర్ణయించిన సాయంకాలము, కోళ్లు గూడు చేరువేళ, మొదట గంపతో వచ్చినది ఆ అక్కయే. నావంక చూడక వైద్యునితో, "మా యింటి నుంచే మొదలు పెట్టండి" అన్నది. ఆమె వెనుక పదునొకండు ఇండ్లవారు వచ్చిరి. ఆనాడు 86 కోళ్లకు టీకా పడినది.

అప్పటినుండి మా వీధిలో ఒక కట్టడి చేసికొంటిమి. క్రొత్తకోడి ఎవరు తెచ్చినను మూడు వారములు వేఱు గంపలో, వేఱు మూకుటితో ఉండవలెను. మన కోళ్లకు మేత వేసిన తరువాతనే దానికి వేయవలెను. కాళ్లు చేతులు కడుగుకొనవలెను. జబ్బుకోడిని సంతకు పంపరాదు.

మఱియొక హెచ్చరిక. 2024లో నెల్లూరు ప్రాంతమునను, 2025లో గోదావరి జిల్లాలలోను బర్డ్ ఫ్లూ వచ్చినది మీరు వినియుందురు. అది అరుదుగా మనుష్యులకును సోకి ప్రాణాంతక మగును. కోళ్లు ఒక్కుమ్మడి కూలినచో వట్టిచేతులతో ముట్టక, కోయక, పిల్లలను దూరముంచి వెంటనే పశువైద్యునికి కబురంపుడు. కొక్కెర తెగులో, అదియో మనము కంటితో చూచి పోల్చలేము.

ఈ యేడు మా నల్లపెట్ట పొదుగునకు రాలేదు. అక్క పెట్ట వచ్చినది. నా గ్రుడ్లు ఆరు, ఆమెవి అయిదు కలిపి దానిక్రింద నుంచినాము. ఏడవనాటి రాత్రి ఇద్దరము గదిలో దీపము పెట్టి ఒక్కొక్క గ్రుడ్డును వెలుగునకు పట్టి చూచితిమి. రెంటిలో ఎఱ్ఱని నరములు కానరాలేదు, తీసివేసితిమి. ఆ రెండును నావే. అక్క నవ్వినది. నేటికి పదునెనిమిదవ దినము. ఇక మూడు దినములున్నది.