వెంకయ్యను ఏమనాలి?

1977 తెలుగు తెరకు ఎన్టీఆర్ సంవత్సరం. సంక్రాంతికి ‘దానవీరశూరకర్ణ’, ఎండాకాలంలో ‘అడవి రాముడు’, ఆ ఏడే ‘యమగోల’. ఆ సందడిలోనే తెలుగు రాని బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ తీశాడు. మూలం ప్రేమ్‌చంద్ ‘కఫన్’. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. కార్లోవీ వారీ చిత్రోత్సవంలోనూ బహుమతి దక్కింది. సినిమాపై తగవు మాత్రం తెగలేదు.

తగవంతా వెంకయ్య గురించే. పని చేసినకొద్దీ దొర బలుస్తాడు, చేసినవాడు చిక్కిపోతాడు, కాబట్టి చేయకపోవడమే తెలివి అంటాడు ఈ ముసలాయన. కొడుకు కిష్టయ్యకూ అదే నేర్పాడు. దొరికితే తింటారు, లేకుంటే పస్తులుంటారు. వెంకయ్యగా వేసిన వాసుదేవరావు అంతకు రెండేళ్ల ముందు కన్నడ ‘చోమన దుడి’లో సొంత సేద్యం కోసం తపించే దళితుడిగా జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. సేద్యానికి అల్లాడిన ఆ ముఖమే ఇక్కడ పనిని చూసి నవ్వుతుంది. ఆ నవ్వు నాకు భయం పుట్టిస్తుంది.

నచ్చనివాళ్లు రెండు వైపుల నుంచి వస్తారు. పేదవాణ్ని తిండిపోతుగా, సోమరిగా చూపడం అవమానమన్నది ఒకటి. హిందీ దళిత రచయితలు ‘కఫన్’ మీదనే ఈ మాట గట్టిగా అన్నారు. తిరుగుబాటు ఏదీ, సంఘం ఏదీ అన్నది రెండోది.

ఈ రెండో ప్రశ్నకు జనగామలో బరువెక్కువ. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు బలైన నేల ఇది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన వడ్లను దొర గడీకి పోనివ్వలేదు. సంఘం ఆమె వెనక నిలబడింది. ఆ చరిత్ర వింటూ పెరిగినవాళ్లకు వెంకయ్య వాదం పారిపోయినవాడి వాదంలా తోస్తే తప్పు పట్టలేం. కానీ సంఘం చేరని ఊళ్లూ ఉన్నాయి కదా. ఇవాళ భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుడికి షిఫ్టుంది, మస్టరుంది, యూనియనుంది. వెంకయ్యకు ఉన్నదల్లా వద్దనే నోరు. అతని లెక్కలో తప్పు లేదనే నేనంటాను.

అయితే ఆ లెక్కకు మూల్యం కట్టింది నీలమ్మ. మమతా శంకర్ వేసిన ఈ కోడలు కూలికి పోతుంది, పొయ్యి వెలిగిస్తుంది, గుడిసెను ఇల్లు చేయాలని చూస్తుంది. చివరికి పురిటి నొప్పులతో పోతుంది. తండ్రీకొడుకులు ఆమె శవవస్త్రం కోసం డబ్బులు అడుక్కుంటారు. పని మానేసి వెంకయ్య దొరను ఓడించాననుకున్నాడు. ఆ మానేసిన పనంతా ఆడమనిషి నెత్తిన పడింది. సినిమాను మెచ్చినవాళ్లూ తిట్టినవాళ్లూ వెంకయ్య చుట్టూనే తిరిగారు, నీలమ్మ దగ్గర ఆగినవాళ్లు తక్కువ. మానుకోట చేలల్లో మిరపకాయలేరే కైకిలికి పోయి, ఇంటికొచ్చి వంట మొదలుపెట్టే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

సంఘం అడిగినవాళ్లకు జవాబు కొద్ది ఏళ్లకే వచ్చింది. మరో బెంగాలీ, గౌతమ్ ఘోష్, తెలంగాణ సాయుధ పోరాటం మీద ‘మా భూమి’ తీశాడు. జనగామలో ఎవరైనా ఈ రెండింటినీ ఒకే సాయంత్రం వేస్తే నాదొక షరతు. ‘మా భూమి’ ముందు వేయాలి. ‘ఒక ఊరి కథ’ తర్వాత వేస్తే జనం వాదించుకుంటూ ఇళ్లకు పోతారు. వరుస మారిస్తే చప్పట్లు కొట్టి పోతారు.