గోదావరి డెల్టా మిషనరీ బడులు

గోదావరి డెల్టా మిషనరీ బడులు పందొమ్మిదవ శతాబ్దంలో నర్సాపురం, పాలకొల్లు, రాజమండ్రి, కాకినాడ, ఆకివీడు మొదలైన చోట్ల క్రైస్తవ మిషనరీలు నెలకొల్పిన పాఠశాలలు. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా, కెనడా దేశాల నుండి వచ్చిన స్త్రీపురుషులు వీటిని ప్రారంభించినా, రోజువారీ బోధన చాలావరకు తెలుగు ఉపాధ్యాయుల చేతుల మీదుగానే సాగింది. మతప్రచారమే వీటి ప్రధానోద్దేశం. అయితే అప్పటి వీధిబడుల్లో ప్రవేశం లేని మాల, మాదిగ పిల్లలకు చదువు అందిన తొలి చోట్లలో ఇవి ముఖ్యమైనవి.

చరిత్ర

ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ (1795–1853) ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో దంతవైద్యుడు. మంచి రాబడి ఉన్న వృత్తిని వదలి బాగ్దాదులోను, తరువాత భారతదేశంలోను మిషనరీగా పనిచేశాడు. 1836లో స్వదేశం నుండి తిరిగివస్తూ డెవన్ ప్రాంతానికి చెందిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరిని సతీసమేతంగా తీసుకువచ్చాడు. ఆ రెండు కుటుంబాలు కొంతకాలం మచిలీపట్నంలో ఉండి నర్సాపురం చేరాయి. తరువాత బౌడెన్ పాలకొల్లులో పనిచేశాడు. ఈ సంస్థకే గోదావరి డెల్టా మిషను అని పేరు వచ్చింది.

అప్పటికి గోదావరిపై ఆనకట్ట లేదు. 1832-33 నాటి కరువు నుండి ప్రజలు తేరుకోకముందే 1839లో కోరంగి తీరాన్ని పెను తుఫాను ముంచెత్తింది. 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. తొలి దశలోనే దాదాపు పదివేలమంది కూలీలు అక్కడ చేరారు. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో మిషనరీలు ఆ కూలీల మధ్య ప్రచారం చేశారు.

రాజమండ్రిలో 1840వ దశకంలో ఉత్తర జర్మనీ మిషను ప్రారంభించిన పనిని తరువాత అమెరికా లూథరన్లు స్వీకరించారు. 1869లో ఆ కేంద్రం మూతపడే స్థితి ఏర్పడినప్పుడు, అంతకుముందు గుంటూరులో పనిచేసి వెళ్ళిన జె.సి.ఎఫ్. హయ్యర్ 76 ఏళ్ళ వయసులో అమెరికా నుండి తిరిగివచ్చి దానిని నిలబెట్టాడు. కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషను 1874లో జాన్ మెక్లారిన్ రాకతో మొదలైంది.

జీతం లేని కొలువు

ఈ మిషన్లన్నిటి పద్ధతీ ఒకటి కాదు. లూథరన్, బాప్టిస్టు మిషనరీలకు వారి సంఘాలు జీతం పంపేవి. గోదావరి డెల్టా మిషను వారికి నిర్ణీత జీతం ఉండేది కాదు. క్రైస్తవుడు ఆస్తి కూడబెట్టకుండా దైవంపై ఆధారపడి జీవించాలని గ్రోవ్స్ 1825లో ప్రచురించిన చిన్న పుస్తకంలో వాదించాడు. ఆ సూత్రాన్నే వీరు పాటించారు. స్వదేశంలోని విశ్వాసులు పంపే కానుకలే వీరికి ఆధారం. 1869లో సూయజ్ కాలువ తెరిచేవరకు సరుకులు ఎక్కువగా ఆఫ్రికా ఖండాన్ని చుట్టి నెలల తరబడి ప్రయాణించి వచ్చేవి. కానుక ఆలస్యమైతే ఇంటి ఖర్చుతోపాటు బడి ఖర్చు కూడా ఆగిపోయే పరిస్థితి ఉండేది.

భాషాభ్యాసం

కొత్తగా వచ్చిన వారి మొదటి పని తెలుగు నేర్చుకోవడం. ఇందుకు మున్షీ అనబడే తెలుగు పండితుని నియమించుకునేవారు. తొలి మిషనరీలకు తగిన నిఘంటువులు లేవు. సి.పి. బ్రౌన్ తెలుగు వ్యాకరణం 1840లోను, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లోను వెలువడ్డాయి. మున్షీ నేర్పే గ్రాంథిక భాష వేరు, పొలాల్లోను పేటల్లోను వినిపించే భాష వేరు కావడంతో వీరు ఒక విధంగా రెండు భాషలు నేర్చుకోవలసి వచ్చింది.

బడిలో ఒక రోజు

బడులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది గ్రామం చివర పేటలో తాటాకు పాకలో నడిచే ఏకోపాధ్యాయ పాఠశాల. రెండవది మిషను కాంపౌండులోని బోర్డింగు పాఠశాల.

పేట బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. తరువాతి కాలంలో పలకలు వచ్చాయి. నాట్లు, కోతల కాలంలో పిల్లలు కూలికి పోవడం వల్ల పగలు బడి ఖాళీ అయ్యేది. అందుచేత కొన్ని చోట్ల రాత్రి బడులు నడిపేవారు.

బోర్డింగులో రోజు తెల్లవారుజామున గంటతో, ప్రార్థనతో మొదలయ్యేది. పిల్లలే ఆవరణ ఊడ్చి, నీళ్ళు తోడి, వంటలో సాయపడేవారు. ఎండ ముదరకముందే బైబిలు, తెలుగు చదువు, లెక్కలు, భూగోళం చెప్పేవారు. మధ్యాహ్నం బాలికలకు కుట్టుపని ఉండేది. సాయంత్రం ఆటలు, కీర్తనలు, మళ్ళీ ప్రార్థన. మిషనరీల భార్యలు, అవివాహిత మహిళా మిషనరీలు బాలికల బోర్డింగును చూసుకునేవారు. జబ్బుచేసిన పిల్లలకు మందు ఇవ్వడం, బియ్యం లెక్క చూడటం, దాతలకు ఉత్తరాలు రాయడం కూడా వీరి పనులే.

1860వ దశకం చివరి నుండి మద్రాసు ప్రభుత్వం పరీక్షా ఫలితాలనుబట్టి పాఠశాలలకు గ్రాంటు ఇచ్చే పద్ధతి అమలుచేసింది. కాబట్టి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పిల్లలకన్నా పంతులుకే ఎక్కువ పరీక్షగా ఉండేది.

కాలువలు, ప్రయాణాలు

ఆనకట్ట తరువాత ఏర్పడిన కాలువలు సాగునీటికే కాక రాకపోకలకూ ఉపయోగపడ్డాయి. మిషనరీలు శీతాకాలంలో పడవలోనే కాపురముంటూ, కాలువ వెంబడి ఊరూరా ఆగి బడులను తనిఖీ చేసేవారు. గాలి లేనప్పుడు కూలీలు గట్టుపై నడుస్తూ పడవను తాడుతో లాగేవారు. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినప్పుడు పడవ ప్రయాణాలు నిలిచిపోయేవి.

తెలుగు ఉపాధ్యాయులు

ఏ మిషనరీ కూడా తన పరిధిలోని ఊళ్ళన్నిటిలో పాఠం చెప్పలేడు. పేట బడిలో పంతులే ఆదివారం ఉపదేశిగా ప్రార్థన నడిపేవాడు. ఊరివారికి ఉత్తరాలు చదివిపెట్టేవాడు. ఇళ్ళకు వెళ్ళి స్త్రీలకు చదువు చెప్పే బైబిలు ఉమన్లు కూడా తెలుగువారే. స్వచ్ఛంద సేవ విదేశీయులకే పరిమితం కాదనడానికి థామస్ గేబ్రియల్ ఉదాహరణ. ఈయన తంతి శాఖలో ప్రభుత్వోద్యోగం వదలి కాకినాడ ప్రాంతంలో పని ప్రారంభించాడు. మెక్లారిన్ కాకినాడకు వచ్చిందీ ఈయన వేసిన పునాదిపైనే. గేబ్రియల్ 1875లో మరణించాడు.

అనారోగ్యం

జ్వరాలు, కలరా తరచు ప్రాణాలు తీసేవి. జార్జి బీర్ 1853లో మరణించగా, భార్య ఇక్కడే ఉండి పని కొనసాగించింది. వారి కుమారులు కూడా తరువాత ఇదే పనిలో చేరారు. కాకినాడలో పనిచేసిన ఎ.వి. టింపనీ 1885లో కలరాతో చనిపోయాడు. 1886లో కెనడా నుండి వచ్చిన ఇసబెల్ హాచ్ రామచంద్రపురంలో కుష్ఠురోగుల ఆశ్రమానికి మూలకారకురాలయింది.

ఫలితాలు, విమర్శలు

ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నదే ఈ బడుల్లో అసలు సమస్య. మాల, మాదిగ పిల్లలను చేర్చుకుంటే పై కులాల వారు తమ పిల్లలను మాన్పించేవారు. వేరు బడులు పెడితే అంటరానితనాన్ని ఒప్పుకున్నట్లయ్యేది. మిషన్లు చాలా చోట్ల రెండవ మార్గాన్నే ఎంచుకున్నాయి. పంచముల విద్యపై మద్రాసు ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చింది 1893లో మాత్రమే.

చదువును మతమార్పిడికి సాధనం చేశారన్నది ప్రధాన విమర్శ. బోర్డింగు పిల్లలు సొంత పేటకు దూరమయ్యారని కూడా విమర్శ ఉంది. కుట్టుపనితోపాటు మిషనరీ మహిళలు నేర్పిన లేసు అల్లిక నర్సాపురం ప్రాంతంలో పెద్ద గృహపరిశ్రమ అయింది. అందులో స్త్రీలకు దక్కే కూలి ఎంత స్వల్పమో మారియా మీస్ 1982లో తన గ్రంథంలో వివరించింది.

మిషన్లతో పోటీ, వాటి ఆదర్శం రెండూ స్థానిక సంస్కర్తలను కదిలించాయి. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన రఘుపతి వెంకటరత్నం నాయుడు కాకినాడలో అనాథలకు, దళిత విద్యార్థులకు వసతి కల్పించాడు.

ఇవి కూడా చూడండి

ధవళేశ్వరం ఆనకట్ట
ఆర్థర్ కాటన్
చార్లెస్ ఫిలిప్ బ్రౌన్
నర్సాపురం